హిప్నోథెరపీ ఓనమాలు ఎలా నేర్చుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి

మొదటిమెట్టు

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఎక్కువగా కట్లు మార్చే గదిలోనే డ్యూటీ. మందు ముందే ఇచ్చినా కొందరు పేషెంట్లు నేను ట్రే పట్టుకుని లోపలికి రాగానే బిగుసుకుపోతారు. నేనింకా ముట్టుకోను కూడా, వాళ్లకు నొప్పి మొదలైపోతుంది.

పోయిన నెల ఒక సీనియర్ మత్తు డాక్టరు గారు అలాంటి ఒక పెద్దాయన పక్కన కూర్చున్నారు. చిన్నప్పుడు ఈత ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. నీళ్లలో దిగినప్పుడు చల్లదనం ముందు ఎక్కడ తెలిసేదని అడిగారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, పెద్దాయన పిడికిళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. కట్టు మార్చడం అయిపోయిందని చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది. ఏం చేశారని డాక్టరు గారిని అడిగితే, "ఇది హిప్నోసిస్ అమ్మా, నువ్వూ నేర్చుకోవచ్చు" అన్నారు.

అప్పటి నుంచి వీడియోలు చూస్తున్నాను, తల తిరిగిపోతోంది. ఒకాయన చిటికె వేస్తే మనిషి పడిపోతాడు. ఇంకొకరు పోయిన జన్మ చూపిస్తామంటారు. మూడు రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామని మరొకరు. నేను ఆ గదిలో చూసింది వీటిలో దేనిలాగానూ లేదు. ఇది నిద్రా, మెలకువా? అందరికీ పనిచేస్తుందా? నాలాంటి మనిషి ఎక్కడ మొదలుపెట్టాలి?

నిదానం

మొదటిమెట్టు గారూ, నేను క్లినికల్ సైకాలజిస్టును. చికిత్సలో హిప్నోసిస్ వాడటం మొదలుపెట్టి పదిహేడేళ్లయింది. మీరు చూసిందే అసలైనది. ఆ వీడియోలు పక్కన పెట్టేయండి.

ఇది నిద్ర కాదు. మెదడు తరంగాలు నమోదు చేసి చూస్తే మెలకువగా ఉన్న మనిషి తరంగాలే కనిపిస్తాయి. ఎదుటి మనిషికి మీ మాట వినిపిస్తూనే ఉంటుంది, ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోగలరు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లోని హిప్నోసిస్ విభాగం 2014లో ఒక నిర్వచనం ఇచ్చింది. దాని సారం ఇది: ధ్యాస ఒకచోట చేరి, చుట్టుపక్కల సంగతుల మీద ఎరుక తగ్గి, సూచనకు స్పందించే శక్తి పెరిగిన స్థితి. మంచి నవలలో మునిగిపోయి పక్కగదిలోంచి పిలిచినా వినిపించని అనుభవం మీకు ఉండే ఉంటుంది. దానికి దగ్గరిదే ఇది, కావాలని తెచ్చుకున్నది.

హిప్నోసిస్ వేరు, హిప్నోథెరపీ వేరు. మొదటిది పనిముట్టు, రెండోది ఆ పనిముట్టుతో చేసే చికిత్స. మా రంగంలో ఒక కట్టుబాటు ఉంది: హిప్నోసిస్ లేకుండా దేనికి వైద్యం చేసే అర్హత మీకు లేదో, హిప్నోసిస్‌తో కూడా దానికి వైద్యం చేయకూడదు. మీరు నర్సు కాబట్టి, కట్టు మార్చేటప్పుడు మనిషిని నెమ్మదింపజేయడం మీ పనిలో భాగమే. డిప్రెషన్‌కు చికిత్స చేయడం కాదు. ఈ గీత మొదటి రోజే గీసుకోండి.

ఒక సెషన్ ఎలా నడుస్తుందంటే, ముందు మాట్లాడుకుంటాం. తర్వాత ధ్యాసను ఒకచోటికి తెస్తాం, దాన్ని ఇండక్షన్ అంటారు. ఆ స్థితిని చిక్కబరచడానికి డీపెనింగ్. ఆపైన సూచనలు, చివర మామూలు స్థితికి తీసుకురావడం. కొత్తవాళ్లంతా ఇండక్షన్ మీద పడతారు. నన్నడిగితే సగం పని ముందు మాట్లాడుకోవడంలోనే అయిపోతుంది. ఆ మనిషికి దేనంటే భయం, దేనంటే ఇష్టం, హిప్నోసిస్ గురించి ఏం విన్నారు, లోపల ఉన్న రహస్యాలు బయటపడతాయని హడలిపోతున్నారా, ఇవన్నీ అక్కడే తేలాలి.

ఇక అందరికీ పనిచేస్తుందా అన్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్జెన్‌హాఫర్, హిల్‌గార్డ్ అనే ఇద్దరు 1959లో దీనికి ఒక కొలబద్ద తయారుచేశారు. 12 పరీక్షలు ఉంటాయి. చాచిన చెయ్యి బరువెక్కి కిందికి వాలడం లాంటి తేలికవాటితో మొదలవుతాయి. నూటికి 10 నుంచి 15 మంది చాలా బాగా స్పందిస్తారు, దాదాపు అంతేమంది అసలు స్పందించరు, మిగతా అందరూ మధ్యలో. ఒకసారి పరీక్షించినవాళ్లనే 25 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే మార్కులు పెద్దగా మారలేదని 1989లో ప్రచురించారు. అందుకే ఎవరైనా స్పందించకపోతే "మీరు సహకరించడం లేదు" అని ఎప్పుడూ అనకండి. అది వాళ్ల తప్పూ కాదు, మీ తప్పూ కాదు.

ప్రశ్నార్థకం

అడ్డుపడుతున్నానని అనుకోవద్దు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. డాక్టరు చెప్పారు కాబట్టి నొప్పి తగ్గిందని పేషెంటు అనేస్తే? మొహమాటానికి అన్నారో, నిజంగా తగ్గిందో ఎలా తెలుస్తుంది? ఉత్తుత్తి మందు బిళ్ల ఇచ్చినా కొందరికి తగ్గుతుంది కదా.

వేపచెట్టు

మంచి ప్రశ్న. నేను పళ్ల డాక్టర్ని, ఇదే అనుమానంతో నాలుగేళ్లు దీని జోలికి పోలేదు. నా మనసు మార్చినవి రెండు పరిశోధనలు.

ఒకటి 1997లో సైన్స్ పత్రికలో వచ్చింది. హిప్నోసిస్‌లో ఉన్నవాళ్ల చేతిని నొప్పి పుట్టేంత వేడి నీళ్లలో పెట్టించారు. వేడి అందరికీ అదే, 47 డిగ్రీలు. నొప్పి తాలూకు బాధ పెరిగేలా ఒకసారి, తగ్గేలా ఒకసారి సూచనలిచ్చి మెదడును స్కాన్ చేశారు. నొప్పి ఎంత బాధిస్తోందన్న దానితో ముడిపడిన భాగం, యాంటీరియర్ సింగ్యులేట్ అంటారు, సూచనను బట్టి మారింది. స్పర్శను మొదట అందుకునే భాగం మాత్రం అలా మారలేదు. మొహమాటానికి నోటితో అబద్ధం చెప్పవచ్చు గానీ, మెదడులో ఆ ఒక్క భాగాన్ని ఎంచుకుని మార్చడం ఎవరి తరం?

రెండోది నర్సమ్మ గారికి నేరుగా పనికొస్తుంది. 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మత్తు పూర్తిగా ఇవ్వకుండా రక్తనాళాల్లోకి, కిడ్నీలోకి గొట్టాలు పంపే ప్రక్రియలు చేయించుకునే 241 మందిని మూడు గుంపులు చేశారు. కొందరికి మామూలు సంరక్షణ, కొందరి పక్కన శ్రద్ధగా మాట్లాడే మనిషి, కొందరికి హిప్నోసిస్. మామూలుగా సగటున 78 నిమిషాలు పట్టిన పని హిప్నోసిస్ గుంపులో 61 నిమిషాల్లో అయింది. నొప్పి మందు వాడకం కూడా తగ్గింది.

అలాగని అన్నిటికీ ఇదే మందు కాదు. సిగరెట్ మానిపించడానికి హిప్నోసిస్ మిగతా పద్ధతులకంటే మెరుగని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2019 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. కోక్రేన్ అంటే వైద్య పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి బేరీజు వేసే సంస్థ. "ఒక్క సెషన్‌లో సిగరెట్ బంద్" అన్న ప్రకటన కనబడితే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

చరిత్రప్రియ

మొదటిమెట్టు గారూ, పద్ధతులతోపాటు చరిత్ర కూడా చదవండి. ఎవరెవరు ఎక్కడ పొరబడ్డారో తెలిస్తే ఆ వీడియోల్లోని డాబు దానంతటదే అర్థమైపోతుంది.

మెస్మర్ అనే డాక్టరు తన శరీరంలోంచి ఏదో అయస్కాంత ద్రవం రోగిలోకి పారుతుందన్నాడు. 1784లో ఫ్రాన్స్ రాజు ఒక సంఘాన్ని వేశాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజే అందులో ఉన్నారు. ద్రవమేమీ లేదు, పనిచేస్తున్నది ఊహాశక్తి అని వాళ్లు తేల్చారు. మెస్మర్ పరువు పోయింది. ఊహకే అంత శక్తి ఉంటే దాన్నే ఎందుకు చదవకూడదని మాత్రం అప్పట్లో అడిగినవాళ్లు తక్కువ.

అడిగినవాళ్లలో ఒకడు గోవాలో పుట్టిన ఫారియా అనే ఫాదరీ. 1813లో పారిస్‌లో ప్రదర్శనలిచ్చాడు. శక్తి నా దగ్గర లేదు, మీ మనసులోనే ఉందని రెండు వందల ఏళ్ల కిందటే చెప్పాడు. నాకు ఈ చరిత్ర మొత్తంలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆయనే. ఏ గొప్పా తన మీద వేసుకోలేదు.

తర్వాత స్కాట్లండ్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్. 1841లో ఒక ప్రదర్శన చూసి, ఇంటికెళ్లి తానే ప్రయోగాలు మొదలుపెట్టాడు. తన కత్తుల పెట్టెను కళ్లకు 8 నుంచి 15 అంగుళాల దూరంలో, నుదుటికంటే ఎత్తులో పట్టుకుని తదేకంగా చూడమనేవాడు. 1843లో పుస్తకం రాసి హిప్నాటిజం అన్న మాటను స్థిరపరిచాడు. గ్రీకులో హిప్నోస్ అంటే నిద్ర. ఇది నిద్ర కాదని తర్వాత ఆయనకే అర్థమై, ఒకే ఆలోచన మీద నిలవడం అనే అర్థం వచ్చే పేరు పెట్టాలని చూశాడు. అప్పటికే పాత పేరు జనం నోట్లో పడిపోయింది.

మీ వృత్తికి దగ్గరగా ఉండే మనిషి ఇంకొకరున్నారు. జేమ్స్ ఎస్‌డైల్ అనే సర్జన్ 1845 నుంచి బెంగాల్‌లోని హుగ్లీలో, మత్తుమందులు లేని రోజుల్లో, మెస్మర్ పద్ధతితో పెద్ద పెద్ద ఆపరేషన్లు చేశాడు. 1846లో కలకత్తాలో దీనికోసం ఒక చిన్న ఆసుపత్రి కూడా ఇచ్చారు. అదే ఏడాది అమెరికాలో ఈథర్ వచ్చింది, మరుసటి ఏడాది క్లోరోఫాం వచ్చింది. నిమిషాల్లో పనిచేసే మందు ఉండగా గంటలు పట్టే పద్ధతి ఎవరికి కావాలి? అలా మరుగున పడిపోయింది. మళ్లీ వైద్యుల గుర్తింపు రావడానికి చాలా కాలం పట్టింది, బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1955లో, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1958లో గుర్తించాయి.

మొదటిమెట్టు

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఫారియా గురించి చదివి మనసు నిండిపోయింది. నిదానం గారూ, నా మీద నేనే మొదలుపెట్టడానికి ఏదైనా చిన్న అభ్యాసం చెప్తారా?

నిదానం

లోలకంతో మొదలుపెట్టండి. ఒక జానెడున్నర దారానికి ఉంగరం కట్టండి. కాగితం మీద ఒక వృత్తం, దాని మధ్యలో కూడిక గుర్తు గీయండి. మోచెయ్యి బల్ల మీద ఆనించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం పట్టుకుని, ఉంగరాన్ని కూడిక గుర్తు మీద వేలాడనివ్వండి. చెయ్యి కదపొద్దు. ఉంగరం ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు ఊహించండి, అంతే. కాసేపటికి ఊగుతుంది. ఈసారి అడ్డంగా ఊహించండి. తర్వాత గుండ్రంగా.

ఇందులో మాయ లేదు. ఆలోచన మీకు తెలియకుండానే కండరాల్లో సన్నటి కదలికగా మారుతోంది. షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1833లోనే దీన్ని వివరించాడు. దీనితోనే ఎందుకు మొదలుపెట్టమంటానంటే, "నేను చేయడం లేదు, అదే జరుగుతోంది" అన్న అనుభూతి మీ వేళ్లకు తెలియాలి. హిప్నోసిస్ మొత్తం ఆ అనుభూతి మీదే నిలబడి ఉంది. అది తెలియకుండా ఎదుటివాళ్లకు సూచనలివ్వడం, ఈత రాకుండా ఈత నేర్పడం లాంటిది.

లోలకం కుదిరాక రోజుకు పదిహేను నిమిషాలు మీరే కూర్చోండి. కళ్లెత్తి పైన ఒక చుక్కను చూడండి, రెప్పలు అలసిపోయాక వాలనివ్వండి. పాదాల నుంచి తల దాకా ఒక్కొక్క భాగమే సడలనివ్వండి. తర్వాత ఒకే ఒక్క సూచన. చివర ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టుకుని, చేతులు విదిలించి, నీళ్లు తాగి లేవండి. బండి నడిపేటప్పుడు, స్టవ్ దగ్గర మాత్రం వద్దు. రికార్డింగులు వినడం కూడా అంతే.

మాటతీరు

నేను చాలాకాలంగా ఈ చర్చలు చదువుతున్నా ఎప్పుడూ రాయలేదు. నా అనుభవం ఇక్కడ ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

నేను కౌన్సెలర్‌ని. హిప్నోథెరపీ ఇంగ్లీషు స్క్రిప్టులతో నేర్చుకున్నాను. వాటిని మక్కికి మక్కి తెలుగు చేసి చదివేదాన్ని. "మీరు లోతుగా, ఇంకా లోతుగా వెళ్తున్నారు" అని ఒకావిడకు చెప్పాను. ఆవిడ ఊపిరి వేగం పెరిగింది. ఆపేసి ఏమైందని అడిగితే, బావిలోకి దిగుతున్నట్టు భయమేసిందన్నారు. అప్పుడు అర్థమైంది, నేను నేర్చుకోవాల్సింది స్క్రిప్టులు కాదు, తెలుగు మాటలు మనిషి ఒంట్లో ఏం చేస్తాయో.

ఈ మూడు వాక్యాలు పైకి చదివి చూడండి. "కళ్లు మూయండి." "కళ్లు మూసుకోండి." "కళ్లు మూతపడుతున్నాయి." మొదటిది ఆజ్ఞ. రెండోది వాళ్ల చేతిలో ఉన్న పని. మూడోది దానంతటదే జరిగేది. నిదానం గారు చెప్పిన ఆ లోలకపు అనుభూతి మన క్రియాపదాల్లోనే ఉంది! వాలిపోతోంది, సడలుతోంది, విచ్చుకుంటోంది, కుదుటపడుతోంది, తేటపడుతోంది. ఇలాంటి మాటలు మనకు ఎన్నో ఉన్నాయి, ఎవరూ కొత్తగా పుట్టించక్కర్లేదు. "భుజాలను రిలాక్స్ చేయండి" అంటే మనిషి ఒక పని మొదలుపెడతాడు. "భుజాలు కిందికి జారుతున్నాయి" అంటే గమనించడం మొదలుపెడతాడు.

అయితే జరగనిదాన్ని జరుగుతోందని చెప్పకూడదు, నమ్మకం పోతుంది. ముందు నిజంగా ఉన్నవాటిని చెప్పాలి. వీపు కుర్చీకి ఆనుకుని ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. ఊపిరి లోపలికి వస్తోంది, బయటికి వెళ్తోంది. ఇవన్నీ నిజాలే కాబట్టి మనసు ఒప్పుకుంటూ వస్తుంది. ఆ ఒరవడిలో, ఊపిరి బయటికి వదిలే క్షణం చూసి, "భుజాలు జారుతున్నాయి" అనాలి. ఆ క్షణంలో భుజాలు ఎలాగూ కాస్త జారుతాయి.

ఇంకొకటి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. వాక్యం పొడుగైతే, చివరికి ఏం చెప్తారోనని విన్న మనిషి కాచుక్కూర్చోవాలి. అంటే ధ్యాస పని చేస్తూనే ఉంటుంది, నెమ్మదించదు. అందుకే చిన్న వాక్యాలు. క్రియ తర్వాత ఆగాలి, ముందు కాదు. ఇంగ్లీషు గొంతుల రికార్డింగులు విని అదే చోట విరామం ఇస్తే తెలుగులో కుంటుపడుతుంది.

"నొప్పి ఉండదు, భయపడకండి" అన్నప్పుడు విన్న మనిషికి మిగిలేవి నొప్పి, భయం అనే రెండు మాటలే. మొదటిమెట్టు గారి గదిలో ఇది రోజూ జరుగుతూ ఉంటుంది. "ఇక్కడ చల్లగా తగులుతుంది, కొంచెం ఒత్తినట్టు తెలుస్తుంది" అనవచ్చు. అబద్ధం మాత్రం చెప్పకూడదు, బొత్తిగా ఏమీ తెలియదని మాటివ్వకూడదు.

ఇక సమ్మోహనం, వశీకరణ అన్న మాటలు సెషన్‌కు ముందు మాట్లాడుకునేటప్పుడు నేను అసలు వాడను. వశమైపోతామన్న భయం ఆ మాటల్లోనే ఉంది.

వేపచెట్టు

క్రియ తర్వాత ఆగడం! ఇన్నేళ్లుగా ఎక్కడో తేడాగా ఉందని తెలిసేది, ఎక్కడో తెలియలేదు. ఇవాళ క్లినిక్‌లో ప్రయత్నించాను, తేడా స్పష్టంగా కనిపించింది. ధన్యవాదాలు మాటతీరు గారూ.

అలలసవ్వడి

నేను నేర్చుకునేదాన్ని కాదు, చికిత్స పొందినదాన్ని. పేషెంటు వైపు నుంచి చెప్పవచ్చు కదా అని రాస్తున్నాను.

పదకొండేళ్లు ఐబీఎస్ అనే పేగుల సమస్యతో బాధపడ్డాను. కడుపునొప్పి, ఉబ్బరం, ఎక్కడికెళ్లినా ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకోవడం. పరీక్షలన్నీ చేయించి వేరే జబ్బు లేదని తేలాక, మందులతో కుదరక, మా డాక్టరు గారే హిప్నోథెరపీకి పంపారు. దీని మీద 1984లోనే మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ అనే డాక్టరు 30 మందితో పరిశోధన చేశారని, ఏడాదిపాటు మందులతో తగ్గనివాళ్లకు దీన్ని పరిశీలించవచ్చని 2008లో ఇంగ్లండ్‌లో వైద్యులకు సూచనలిచ్చే నైస్ అనే సంస్థ మార్గదర్శకాల్లో కూడా చేర్చారని ఆయన చెప్పారు.

పొట్ట మీద అరచెయ్యి పెట్టుకోమనేవారు. చేతి కింద వెచ్చదనం లోపలికి పాకుతోందని, పేగుల కదలిక నెమ్మదిగా పారే నదిలా ఉందని చెప్పేవారు. మొదటి రెండుసార్లు నాకు ఏమీ అనిపించలేదు. మూడోసారి వెచ్చదనం నిజంగా తెలిసింది. రికార్డింగ్ ఇచ్చి రోజూ వినమన్నారు, అసలు మార్పు అక్కడే వచ్చిందని నా నమ్మకం. మూడు నెలలకు సగానికి సగం తగ్గింది. పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు ప్రయాణం అంటే టెన్షన్ లేదు.

నేర్చుకునేవాళ్లకు ఒక్క విన్నపం. పరీక్షలు కాకముందే నొప్పిని తగ్గించే పని పెట్టుకోకండి. నొప్పి ఒక కబురు తెస్తుంది. ఆ కబురేంటో డాక్టరు విన్నాకే దాన్ని తగ్గించాలి.

తెరచాప

నేను వారాంతపు కోర్సు చేశాను. ఇక్కడ అందరూ నొప్పి, విశ్రాంతి గురించే మాట్లాడుతున్నారు. మూలకారణం సంగతి? రిగ్రెషన్‌లో మనిషిని చిన్నతనంలోకి, అవసరమైతే అంతకుముందుకు తీసుకెళ్తే సమస్య ఎక్కడ పుట్టిందో దొరుకుతుంది. నా ముందు ఏడ్చి, లేచాక మొహం తేటపడినవాళ్లను చూశాను. అది అబద్ధం కాదు.

మధ్యాహ్నం

తెరచాప గారూ, మీ మీద కోపంతో రాయడం లేదు. మా అక్క సంగతి చెప్పాలనిపించింది.

అక్కకు నిద్ర పట్టేది కాదు. ఒకరి దగ్గరికి వెళ్లింది. వాళ్లు ప్రతిసారీ చిన్నతనంలోకి తీసుకెళ్లి, "ఆ గదిలో ఇంకెవరున్నారు? సరిగ్గా చూడు, ఎవరో నిన్ను బాధపెడుతున్నారు" అని అడిగేవారట. మొదట ఎవరూ కనిపించలేదు. నాలుగోసారికి ఒక నీడ కనిపించింది. ఆరోసారికి ఆ నీడకు మా బాబాయి ముఖం వచ్చింది. అక్క అబద్ధం చెప్పలేదు, నిజంగా చూసింది, నిజంగా ఏడ్చింది. కానీ ఆ ఏడాదంతా బాబాయి వేరే దేశంలో ఉన్నాడు. ఉత్తరాలున్నాయి, పాస్‌పోర్టు ముద్రలున్నాయి. అవన్నీ చూపించి అక్కను ఒప్పించేసరికి రెండేళ్లు గడిచాయి. బాబాయి ఇప్పటికీ మా ఇంటికి రాడు. అక్కకు ఇప్పటికీ ఆ గది కళ్ల ముందు కనిపిస్తూనే ఉంటుంది.

నిదానం

మధ్యాహ్నం గారూ, ఇది రాయడానికి మీకు ఎంత కష్టమై ఉంటుందో అర్థమవుతోంది. మీ అక్కగారికి జరిగింది అరుదైన సంగతి కాదు.

జ్ఞాపకం టేపు కాదు. తీసి చూసిన ప్రతిసారీ కొంత కొత్తగా అల్లుకుంటుంది. హిప్నోసిస్‌లో ఊహ పదునెక్కుతుంది, సూచన తొందరగా నాటుకుంటుంది. ఆ రెండూ కలిసిన చోట "ఇంకెవరున్నారు" అన్న ప్రశ్నే ఒక సూచన అయిపోతుంది. హిప్నోసిస్‌లో తేలిన జ్ఞాపకాలు మామూలు జ్ఞాపకాలకంటే నమ్మదగినవి కావని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సంఘం 1985లో చెప్పింది. అంతకు మూడేళ్ల ముందే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇలాంటి సాక్ష్యాన్ని తోసిపుచ్చింది. ఇంకా ప్రమాదమేంటంటే, జ్ఞాపకం తప్పైనా దాని మీద నమ్మకం మాత్రం పెరుగుతుంది.

తెరచాప గారూ, మీ దగ్గర ఏడ్చినవాళ్ల ఉపశమనం నిజమే, నేను కాదనను. ఏడ్చాక తేలికపడటం మనిషి స్వభావం. కానీ మనసు తేలికపడింది కాబట్టి చూసిన కథ నిజమని అర్థం కాదు. ఎవరైనా మీ ముందు బిగ్గరగా ఏడవడం, వణకడం మొదలుపెడితే లోతుకు తవ్వకండి. "నా గొంతు వినండి, కళ్లు తెరవవచ్చు, పాదాలు నేలకు ఆనుకుని ఉన్నాయి" అని ఇప్పటి క్షణంలోకి తీసుకురండి. తర్వాత అర్హత ఉన్నవాళ్ల దగ్గరికి పంపండి. లేనివి కనిపించే, వినిపించే మానసిక జబ్బులున్నవాళ్ల మీద అసలు ప్రయత్నించకండి. మూర్ఛ ఉన్నవాళ్లయితే వాళ్ల డాక్టరును అడగకుండా వద్దు.

తెరచాప

రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. ఉపశమనం సంగతిలో నా మాట మీద నేనున్నాను. కానీ నేను కూడా "అక్కడ ఇంకెవరున్నారు" అని అడిగేవాణ్ని. కోర్సులో అలాగే నేర్పారు. ఇకపై అడగను. మధ్యాహ్నం గారూ, మీ అక్కగారు నెమ్మదిగా తేరుకోవాలని కోరుకుంటున్నాను.

మొదటిమెట్టు

ఐదు వారాల తర్వాత వచ్చాను. మీరు చెప్పినట్టే చేశాను.

లోలకం మొదటి రోజే ఊగింది. నా చెయ్యి కదలడం లేదని ప్రమాణం చేసి చెప్పేదాన్ని. రోజూ పదిహేను నిమిషాలు కూర్చున్నాను. మొదటి వారం మనసంతా డ్యూటీ గొడవలే. రెండో వారం చివర్లో కుడి చెయ్యి బరువెక్కినట్టు అనిపించింది, అంతే. నాలుగో వారంలో మాత్రం రెప్పలు వాలిన క్షణం నాకు తెలియలేదు. నాకు అదే పెద్ద సంగతి.

మత్తు డాక్టరు గారిని పక్కన ఉండమని అడిగి, పేషెంటు ఒప్పుకున్నాక మొదటిసారి ప్రయత్నిద్దామనుకుంటున్నాను. నేను రాసుకున్నది ఇది, దిద్దండి:

"ఇప్పుడు మీరు హాయిగా నిద్రలోకి వెళ్తున్నారు. మీ చెయ్యికి ఏమీ నొప్పి తెలియదు. మీరు సముద్రం ఒడ్డున ఉన్నారు."

మాటతీరు

నిద్ర అనకండి, ఒకటి రెండు శబ్దాలు వినిపించగానే నాకు పట్టలేదేమోనని కంగారుపడతారు. నొప్పి మాట తీసేసి చల్లదనం, దూరం, మొద్దుబారడం లాంటివి పెట్టండి. చేతికి మెత్తటి మందపాటి తొడుగు ఉన్నట్టు చెప్పవచ్చు. ఇక సముద్రం ఎందుకు? అది మీకు నచ్చిన చోటు. వాళ్లకు సముద్రమంటే భయం ఉంటే? మీ డాక్టరు గారు పెద్దాయనకు ఈతను అంటగట్టలేదు, ఈత గురించి అడిగారు. స్క్రిప్టులో ఆ చోటు ఖాళీగా వదిలేయండి, వాళ్లే నింపుతారు.

నిదానం

మాటతీరు గారి మాటకు నేను కలిపేది ఒక్కటే. కట్టు అయిపోయాక బయటికి తీసుకురావడం మర్చిపోకండి. కొత్తవాళ్లు హడావిడిలో అది వదిలేస్తారు. చేతికి ఇచ్చిన మొద్దుబారిన భావం తిరిగి మామూలైందని స్పష్టంగా చెప్పండి, కాసేపు కూర్చోబెట్టండి, లేచి నడిచేదాకా పక్కనే ఉండండి.

మొదటిమెట్టు

నిన్న చేశాను. చెయ్యి కాలిన ఒకావిడ, యాభై దాటి ఉంటాయి. డాక్టరు గారు పక్కనే ఉన్నారు, నొప్పి మందు ఎప్పటిలాగే ముందే ఇచ్చాం.

మీకు చేస్తుంటే టైమే తెలియని పని ఏదైనా ఉందా అని అడిగాను. కుట్టుపని అన్నారు. నా గుండె గుబేలుమంది. ఆ గదిలో సూది మాటే రాకూడదని నేను ఎన్ని రోజులుగానో జాగ్రత్తపడుతున్నాను. మాట మార్చబోయాను. మాటతీరు గారి మాట గుర్తొచ్చి ఆగాను. మిషన్ తొక్కుతుంటే ముందు ఏం వినిపిస్తుందని అడిగాను.

ఆవిడే చెప్పడం మొదలుపెట్టారు. పెడల్ మీద పాదం, ఆ చప్పుడు, చేతుల కింద గుడ్డ ముందుకు జారడం. నేను ఆవిడ ఊపిరి చూస్తూ "గుడ్డ జారుతోంది" అన్నాను. ఆగాను. "జారుతోంది" అన్నాను. మంచం చివర ఆవిడ కుడి పాదం మెల్లగా పైకీ కిందికీ ఆడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ నన్ను చూడటం లేదు.

మధ్యలో ఒకసారి మొహం చిట్లించారు, పాదం ఆగింది. దారం తెగిందా అని అడిగాను. ఊఁ అన్నారు. మళ్లీ ఎక్కించుకోండి, తొందరేం లేదు అన్నాను. కాసేపటికి పాదం మళ్లీ కదిలింది. చివర ఐదు దాకా లెక్కపెట్టాను, చెయ్యి మళ్లీ మీ చెయ్యే, అంతా మామూలుగా తెలుస్తోందని చెప్పాను. లేచి కూర్చుని, కట్టు చూసుకుని, పది నిమిషాలు మాట్లాడారు.

గురువారం మళ్లీ ఆవిడ కట్టు మార్చాలి. ఏం కుడుతున్నారో నిన్న అడగలేదు. ఈసారి గుడ్డ రంగుతో మొదలుపెడతాను.